తుమ్మల కింద బాపు షిఫ్టు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిగ్రీ పాసై, గోదావరిఖనిలో ఒక చీరల దుకాణంలో సేల్స్‌గర్ల్‌గా ఏడాదిపాటు నిలబడి నిలబడి కాళ్లు వాచి, ఇక నా వల్ల కాదు, సొంతంగా టూరిజం పెడతానని మానేసి వచ్చిన వయసది. మా మెట్ట చెలక పక్కన మూతబడిన ఓపెన్‌కాస్టు బొగ్గు గుంత ఒకటి వానలకు నిండి చెరువంత అయింది. చలికాలం వస్తే మా గట్టు మీది తుమ్మచెట్లపై కొంగలు, నీటికాకులు కొమ్మ కనపడకుండా వాలేవి. నేను నెట్లో పెట్టిన ఆ పిట్టల ఫోటో చూసి హైదరాబాదు నుంచి ఒక మేడం ఫోన్ చేసింది. (మెడలో మూరెడు కెమెరా వేలాడేది, మాకు ఆమె కెమెరా మేడమే.) పన్నెండు మందితో వస్తానని, నచ్చితే ఏటా వస్తామని చెప్పింది. నచ్చకపోతే నేను మళ్లీ ఆ చీరల కౌంటరు వెనక్కే పోవాలి.

ఇక చూడండి నా తెలివి. అంత దూరం నుంచి వచ్చేవాళ్లకు నీళ్లు బాగా కనపడాలి, చెట్లేమో అడ్డం. మా బావను పిలిచాను (అక్క మొగుడు, ఏది కొట్టమన్నా ఎందుకని అడగని మనిషి). పొద్దున రంపం మిషన్ పట్టుకుంటే మధ్యాహ్నానికి గట్టు బోడిగుండయింది. గట్టు మలుపు అవతల మూడు చెట్లు మిగిలాయనగా మా బాపు వచ్చాడు. ముప్పై ఏళ్లు బాయిలో దిగి బొగ్గు తీసి రిటైరైన మనిషి, డ్యూటీకి తీసుకుపోయే పాత టిఫిన్ డబ్బాతో సహా వచ్చి నడిమి చెట్టు మొదట్లో చతికిలబడ్డాడు.

"లే బాపూ, బావ కొట్టాలె."

"షిఫ్టు కాలే బిడ్డా."

"రిటైరై నాలుగేండ్లాయె, ఇంకేం షిఫ్టు?"

ఆయన తాపీగా డబ్బా మూత తీశాడు. "బాయిల బొగ్గు తీసేటప్పుడు నడుమ నడుమ పిల్లర్లు ఇడుస్తరు. గదీ బొగ్గే, మంచి బొగ్గే. ఆశపడి గా పిల్లర్లు గుడ తీస్తే కప్పు నెత్తి మీద పడ్తది. గీ చెట్లు నీ దుకాణానికి పిల్లర్లు."

"నీ బాయి ముచ్చట్లు నా బిజినెస్‌కు ఎట్ల పనికొస్తయి?" అన్నాను. పొద్దుగూకేదాకా ఆయన లేవలేదు, బావ మిషన్ సర్దుకుని పోయాడు. నాకు ఒళ్లు మండింది కానీ, ఓ మూలన ఉన్నాయి కదా, ఎవరికి కనపడతాయిలే అని ఊరుకున్నాను.

వాళ్లు వచ్చేనాటికి షామియానా, ఎర్ర తివాచీ, ప్లాస్టిక్ కుర్చీలు, పాటల డబ్బా అన్నీ సిద్ధం. మేడం బస్సు దిగి రెండడుగులు వేసి ఆగిపోయింది. చేతిలోని ఫోటో చూసింది, గట్టు చూసింది. "చెట్లేవి?" అంది.

"మీ కోసమే కొట్టించిన మేడం" అని ముఖం వెలిగిపోతుండగా చెప్పాను.

పన్నెండు మందీ ఒక్కసారి నా వైపు చూశారు. మేడం నెమ్మదిగా, "పిట్టలు నీళ్లు చూడ్డానికి రావమ్మా, వాలడానికి వస్తాయి" అంది. అప్పుడు తలెత్తి చూశాను. (షామియానా హడావిడిలో వారం నుంచి అటు చూస్తే ఒట్టు.) ఒక్క కొంగ లేదు. కళ్ల ముందు చీరల కౌంటరు కనపడింది. పాటల డబ్బా మాత్రం సిగ్గు లేకుండా మోగుతూనే ఉంది.

బాపు వచ్చి ముందు దాని వైరు పీకేశాడు. "గిటు రాండ్రి అమ్మా, జర మెల్లగ" అని వాళ్లను మలుపు అవతలికి నడిపించాడు. గట్టంతా వాలాల్సిన పిట్టలు ఆ మూడు తుమ్మల మీదే, జాతర బస్సులో జనంలా ఇరుక్కుని కూర్చున్నాయి. నా కుర్చీలు నా దగ్గరే ఉండిపోయాయి, వాళ్లంతా మధ్యాహ్నం దాకా మట్టిలోనే కూర్చున్నారు. పోయేముందు మేడం నాతో కాదు, బాపుతో చెప్పింది. "వచ్చే చలికాలం వస్తాం పెద్దాయనా. ఈ మూడూ ఉంటేనే."

నేను మళ్లీ చీరల దుకాణం గడప తొక్కలేదంటే ఆ మూడు చెట్ల పుణ్యమే. గట్టంతా మళ్లీ తుమ్మలు పెంచాం, నెత్తి మీదికి ఎదిగాయి. ఇప్పుడు బాపు లేడు. మొన్న రిసార్టు కడదామని వచ్చిన ఒకాయన, "ఆ చివరి మూడూ తీసేస్తే వ్యూ అదిరిపోతుందండీ" అన్నాడు. బాపు టిఫిన్ డబ్బా తెచ్చుకుని నడిమి చెట్టు మొదట్లో కూర్చున్నాను. ఆ రిసార్టాయన చాలాసేపు ఎండలో నిలబడి, ఎప్పుడు లేస్తారని అడిగాడు.

"షిఫ్టు కాలే" అన్నాను. ఆ మాట నా నోటినుంచే వచ్చిందని నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. అన్నీ తెలిసిన ఆనాటి చీరల దుకాణం పిల్ల ఇప్పుడు ఎదురుపడితే, దాన్నీ ఇక్కడే పక్కన కూర్చోబెట్టుకుంటాను.