దిమ్మ మీద లేని పేరు

మా బావగారు నాగలింగాచారి గారు పోయిన సోమవారం ఉదయం కన్నుమూశారు. పరంజా దిగుతూ ఛాతీ పట్టుకుని కూలబడ్డారని మా అక్క ఫోన్ చేసింది. నేను వెళ్ళేసరికి ఆయన్ని షెడ్డులోనే, సగం పూర్తయిన ఒక జాతీయ నాయకుడి విగ్రహం కాళ్ళ దగ్గర పడుకోబెట్టారు. ఎన్నో ఏళ్ళు నేను కూర్చున్న స్టూలు పక్కనే ఉంది. దాని మీద కూర్చోవడానికి నాకు మనసు రాలేదు. మర్నాడు పత్రికలో ‘విగ్రహాల మేస్త్రీ మృతి’ అని మూడు వరుసలు వేశారు. పేరు నాగేశ్వరాచారి అని వేశారు. ఈ వ్యాసం రాయడానికి అది మొదటి కారణం. రెండోది చివర చెబుతాను.

రావులపాలెం దారిలో ఆయన షెడ్డు. సామర్లకోట నుంచి మొగల్తూరు దాకా కూడళ్ళలో నిలబడి ఉన్న స్వాతంత్ర్య నాయకుల సిమెంటు విగ్రహాల్లో చాలావాటికి ప్రాణం పోసినవి ఆయన చేతులే. ఆ దిమ్మల మీద దాతల పేర్లుంటాయి, ఆవిష్కరించినవారి పేరుంటుంది, కమిటీ కోశాధికారి పేరు కూడా ఉంటుంది. శిల్పి పేరు ఒక్కదాని మీదా లేదు. అన్నీ తిరిగి చూసే చెబుతున్నాను.

ఆయనకు అక్షరం రాదు. నేను హైస్కూల్లో తెలుగు పండితుణ్ణి. కొత్త విగ్రహం ఒప్పుకున్నప్పుడల్లా ఆ నాయకుడి జీవితచరిత్ర నాచేత మొదటి నుంచి చివరిదాకా చదివించుకుని గాని మట్టి ముట్టేవారు కాదు. “జైల్లో ఎన్నేళ్ళున్నాడు పంతులూ? లాఠీ దెబ్బ ఏ భుజానికి తగిలింది?” అని అడిగేవారు. సంస్థానాలను కలిపిన ఉక్కుమనిషి కథ చదువుతున్నాను. కోర్టులో వాదిస్తుండగా భార్య చనిపోయిందని తంతి వస్తే, ఆయన చూసి జేబులో పెట్టుకుని వాదన పూర్తిచేశాడన్న చోట బావగారు ఆపమన్నారు. ఆ విగ్రహం లాల్చీ జేబు దగ్గర చిన్న ఉబ్బు ఉంటుంది. మడత పెట్టిన కాగితం అది. సిమెంటు సరిగ్గా మెత్తలేదని కమిటీవాళ్ళు ఆయన్ని చీవాట్లు పెట్టారు.

రాజ్యాంగం రాసిన మహనీయుడి విగ్రహం కోసం ఒక ఊరి పేటవాళ్ళు వచ్చారు. ఆ ఊరి పేరు రాయను, వాళ్ళకే తెలుసు. చిన్నప్పుడు బడిలో అందరికీ దూరంగా, ఇంటి నుంచి తెచ్చుకున్న గోనె మీద కూర్చున్న పిల్లవాడి కథ చదివాను. “ఆ గోనె మీంచి లేచి నిలబడ్డవాడిలా ఉండాలి పంతులూ. చెయ్యి ఊరికే లేచినట్టు ఉండకూడదు” అన్నారు. తన కుడిచేతికే నూనె రాసుకుని, చూపుడువేలు చాచి, ప్లాస్టరు పోయించుకుని అచ్చు తీశారు. ఆ అచ్చులోంచి తీసిన చేతిని ఎదురుగా పెట్టుకుని విగ్రహం చెయ్యి మలిచారు. గోరు పక్కన ఉలి జారి తెగిన పాత మచ్చ కూడా అచ్చులో పడింది. విగ్రహానికి మాత్రం ఆ మచ్చ పెట్టలేదు. “ఆయన వేలికి నా మచ్చెందుకు” అన్నారు.

తప్పు దిమ్మ దగ్గర జరిగింది. అది కట్టిన మేస్త్రీ అంతకు ముందు గుళ్ళు కట్టినవాడు. రోడ్డు వైపు పెట్టమంటే, దేవుడికి పెట్టినట్టు తూర్పు ముఖంగా పెట్టేశాడు. విగ్రహం నిలబెట్టాక చూస్తే ఆ వేలు సూటిగా రైస్ మిల్లు యజమాని, ఊరి ప్రెసిడెంటు గారి వీధి గుమ్మం మీదికి ఉంది.

ఆయన కబురు పెడితే ఇద్దరం వెళ్ళాం.

“ఏంటి ఆచారీ, పొద్దున్నే తలుపు తీస్తే నన్ను దొంగని చూపించినట్టు చూపిస్తున్నాడేంటి?”

“ఆయన పార్లమెంటుకి చూపిస్తున్నారండి. మధ్యలో మీ ఇల్లు అడ్డొచ్చింది.”

అరుగు మీద ఇద్దరు నవ్వారు. ప్రెసిడెంటు గారు నవ్వలేదు. “వేలు కిందికి దించెయ్. సిమెంటే కదా.”

“ఆయన బతికుండగా ఎవరూ దించలేకపోయిన చెయ్యండి. నేను దించితే ఏం బాగుంటుంది? కావాలంటే దిమ్మ పగలగొట్టి, విగ్రహాన్ని రోడ్డు వైపు తిప్పి పెడతాను. కూలి అక్కర్లేదు.”

“మా ఊళ్ళో ఏది ఎటు తిరగాలో నువ్వు చెప్తావా?”

మూడో రోజు మధ్యాహ్నం ప్రెసిడెంటు గారి మనుషులు విగ్రహం మీద పడ్డారని తెలిసి ఇద్దరం మోపెడ్ మీద వెళ్ళాం. అప్పటికే విగ్రహం కుడిచెయ్యి మణికట్టు దాకా విరిగి, లోపలి ఇనప ఊచ బయటికి వచ్చి ఉంది. అరుగు మీద నవ్విన ఇద్దరి చేతుల్లోనూ గునపాలున్నాయి. బావగారు వెళ్ళి విగ్రహానికి అడ్డంగా నిలబడ్డారు. “నన్ను కొట్టండి, అది రాత్రింబవళ్ళు కష్టపడి చేసింది” అన్నారు. వాళ్ళు ఆయన్ని మెడ పట్టి వంచి, కుడిచేతిని దిమ్మ మీద అదిమిపెట్టారు. “ఈ వేలేనట్రా అచ్చు తీసింది?” అని ఒకడు అడగడం నేను విన్నాను. వాడి చేతిలో కొబ్బరిబొండాల కత్తి ఒక్కసారే లేచింది. నేను వాడి చెయ్యి పట్టుకోబోతే గునపం మొద్దు కొసతో నా తల పగలగొట్టారు. ఆ మచ్చ ఇప్పటికీ దువ్వెనకు తగులుతుంది. సాయంత్రానికి పేటలో రెండు పాకలు తగలబెట్టారు. పేటవాళ్ళు మిల్లు లారీ అద్దాలన్నీ రాళ్ళతో పగలగొట్టారు. నెత్తురు కారుతున్న తలతోనే నేను దిమ్మ చుట్టూ ఇసుకంతా వెతికాను. వేలు దొరకలేదు.

కేసు కాగితంలో కొబ్బరిబొండాం కొడుతూ ప్రమాదవశాత్తు వేలు తెగిందని రాశారు. ఆ మధ్యాహ్నం చుట్టూ నిలబడి చూసినవాళ్ళలో ఒక్కరూ సాక్ష్యానికి రాలేదు. వాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. పెళ్ళిళ్ళలో ఎదురైతే ఇప్పటికీ పలకరించను. “ఎన్నాళ్ళు మోస్తావు పంతులూ?” అనేవారు బావగారు. “మోసేవాడు ఒక్కడైనా ఉండాలి కదా బావగారూ” అనేవాణ్ణి.

కొన్నాళ్ళకు పెద్దలు కూర్చుని రాజీ చేశారు. దిమ్మను రోడ్డు వైపు తిప్పి కట్టించారు. విరిగిన చేతిని బాగుచేసేవాడు కావాల్సి వచ్చి మళ్ళీ ఆయన్నే పిలిచారు. నేను వెళ్ళొద్దన్నాను. మా అక్క కాళ్ళకు అడ్డం పడింది. ఆయన ఆ పాత అచ్చు సంచిలో పెట్టుకుని బయలుదేరారు. “మలచడానికి ఇప్పుడు నాకు వేలు లేదు పంతులూ. ఉన్నదాన్నే పోస్తాను” అన్నారు. ఎడమచేత్తో ఆయన సిమెంటు కలిపితే అచ్చు నేను పట్టుకున్నాను. విప్పి చూస్తే గోరు పక్కన మచ్చ అలాగే వచ్చింది. అరగదీయబోతే నా చెయ్యి పట్టుకున్నారు.

“ఉండనీ. నేను బతికుండగా ఎవరికీ చెప్పకు, తెలిస్తే మళ్ళీ విరగ్గొడతారు. పోయాక చెప్పు. అప్పటికి వాళ్ళ పిల్లలు దండలు వేస్తుంటారు. దండ వేసిన చేత్తో గునపం పట్టుకోవడం కష్టం.”

ఆయన చెప్పినట్టే అయింది. ప్రెసిడెంటు గారి అబ్బాయి ఇప్పుడు ఏటా జయంతికి నిచ్చెన ఎక్కి దండ వేస్తాడు. మొన్న సంతాపసభలో మైకు పట్టుకుని ‘కళామతల్లి ముద్దుబిడ్డ’ అన్నాడు. నేను లేచి, ఆ దిమ్మ మీద శిల్పి పేరు చెక్కించమని అడిగాను. “చూద్దాం మాస్టారూ. దాతల పేర్లకే చోటు చాల్లేదు కదండీ” అన్నాడు. తర్వాత మైకు నాకివ్వలేదు. ఇదే రెండో కారణం.

చెక్కేదాకా అడుగుతూనే ఉంటాను. అలాంటి చెయ్యి ఈ గోదావరి సీమకు మళ్ళీ రాదు. ఈలోగా ఈ దారుల్లో ఆ మహనీయుడి విగ్రహం ఎక్కడ ఎదురైనా దిమ్మ మీది పేర్లు చదువుతూ ఆగిపోకండి. తలెత్తి చూపుడువేలు చూడండి. గోరు పక్కన మచ్చ కనిపిస్తే అదే ఆ విగ్రహం. ఉలి జారిన రోజు మా అక్క పసుపు అద్ది, తన చీర చెంగు చించి కట్టు కట్టిన వేలు అది. మా బావగారు కుడిచేతికి నాలుగు వేళ్ళతోనే వెళ్ళిపోయారు. అయిదోది ఆ ఊళ్ళోనే ఉంది, ఎవరికీ దిగకుండా.