ఆ శనివారం ఎవరూ రాలేదన్నాను

ఇన్నేళ్లుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. పోనీ అది నా మాటా అంటే, కాదు. ఒకరికి చెప్పమని ఇంకొకరు నాకు అప్పగించి వెళ్లిన మాట. నేను చెప్పలేదు. మరిచిపోయి కాదు. కావాలనే చెప్పలేదు.

మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. మీది జగ్గయ్యపేట కాదు కదా? నందిగామ అసలే కాకూడదు. అడిగానని ఏమీ అనుకోకండి, నాకు అనుమానం పుట్టుకతో వచ్చింది. పాలవాడు నవ్వుతూ పోశాడంటే నీళ్లు కలిపాడనుకుంటాను. పక్కింటావిడ గిన్నెడు కూర పంపితే ఈవిడకి నాతో ఏం పని పడిందో అనుకుంటాను. ఇంత అనుమానం ఉన్నదాన్ని, అనుమానించాల్సిన ఒక్క మనిషిని మాత్రం ఏనాడూ అనుమానించలేదు. ఆ మనిషి నేనే.

కథోలికురాలివి కదా, గుళ్లో పాపసంకీర్తనం ఉంది కదా, వెళ్లి చెప్పుకోరాదా అంటారేమో. చిక్కంతా అక్కడే ఉంది. నా తమ్ముడు ఫాదర్. ఈ చుట్టుపక్కల ఏ గుళ్లో మోకరించినా, జాలీకి అవతల కూర్చున్నాయన నా తమ్ముడితో చదువుకున్నాయనో, మా ఇంట్లో చేపల పులుసు తిన్నాయనో అయి ఉంటాడు. నోరు విప్పితే చాలు, అక్క గొంతు అని పట్టేస్తాడు. పాపసంకీర్తనంలో విన్నది ప్రాణం పోయినా గురువు, అంటే ఫాదర్, బయటపెట్టడని సత్యోపదేశం క్లాసులో పిల్లలకి నేర్పింది నేనే. నేను నేర్పిన దాన్ని నేనే నమ్మలేకపోయాను. కోపాలు, చాడీలు, విసుగులు అన్నీ వల్లించి, ఇదొక్కటి వదిలేసి లేచి వచ్చేదాన్ని. పాపం దాచుకున్న ఆ నోటితోనే పూజలో సత్ప్రసాదం తీసుకునేదాన్ని. అది ఇంకో పాపం. ఆ సంగతీ నాకు తెలుసు.

మా అమ్మ పోయేనాటికి తమ్ముడికి ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. నేను టీచరు ట్రైనింగులో ఉన్నాను. నాన్న కూలికి పోయేవాడు. సంబంధాలు రాకపోలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు కూర్చుంటే వాడు నా కొంగు పట్టుకుని వదిలేవాడు కాదు. వాడు వదలలేదో, నేనే వదిలించుకోలేదో గానీ, నాకు పెళ్లి కాలేదు. ఫాదర్లు పెళ్లెందుకు చేసుకోరని అడిగినవాళ్లకి నేను జీవితమంతా వాక్యాలు చూపించాను. నువ్వెందుకు చేసుకోలేదమ్మా అని నన్ను ఎవరూ అడగలేదు. దానికి ఏ వాక్యమూ లేదు కూడా.

వాడు సెమినరీలో చేరిన రోజు నుంచి మా ఇంటి ముఖమే మారిపోయింది. మా నాన్నని "ఏరా" అని పిలిచిన మోతుబరులే "మీవాడు ఫాదరవుతున్నాడంటగా" అని ఆగి పలకరించేవాళ్లు. ఒకాయన అయితే అరుగు మీద కుర్చీ వేయించాడు. నాన్న దాని అంచునే కూర్చున్నాడు, వెనక్కి ఆనలేదు. ఆ కుర్చీ నా కళ్లలో నిలిచిపోయింది. దాన్ని ఎవరు లాగేసినా ఊరుకునేదాన్ని కాదు.

మా వీధిలో పెళ్లిళ్లయిన పాస్టర్ల మందిరాలకి కొదవ లేదు. మీ ఫాదర్లకి పెళ్లాలు లేరేం అని ఎవరో ఒకరు గిల్లుతూనే ఉండేవాళ్లు. నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి. పరలోక రాజ్యం కోసం పెళ్లి మానుకున్నవాళ్లు ఉన్నారని మత్తయి సువార్తలో ప్రభువే అన్నాడు. ఆయనే చేసుకోలేదు. యిర్మీయా ప్రవక్తని పెళ్లి వద్దని దేవుడే అన్నాడు. ఇలా ఒక్కొక్కటే తీసి చూపిస్తుంటే ఎదుటివాళ్లు తెల్లమొహం వేసేవాళ్లు. ఆ తెల్లమొహాలు చూడ్డం నాకెంత ఇష్టమో దేవుడికే తెలుసు.

సెమినరీ చదువు మధ్యలో ఒక ఏడాది బయట పనిచేయాలి. తమ్ముణ్ణి నందిగామలో ఒక స్కూలుకి వేశారు. ఆ ఏడాది ఇంటికొచ్చినప్పుడల్లా వాడిలో ఏదో తేడా కనిపించింది. చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. అన్నం తింటూ తింటూ ఆగిపోయేవాడు. స్కూల్లో ఒక టీచరు పేరు అవసరం లేని చోట వచ్చేది, రావలసిన చోట రాకుండా పోయేది. నేను వాడి జేబులు వెతికాను. ఏమీ దొరకలేదు. దొరకలేదంటే బాగా దాచాడన్నమాట అనుకున్నాను. అనుమానం పెనుభూతం అని ఊరికే అన్నారా?

ఆ తర్వాత వాడు మిగిలిన చదువు ముగించాడు. గురుపట్టానికి ముందు మెట్టయిన డీకన్ పట్టం దగ్గరపడింది. దానికి ముందు ప్రతివాడూ బ్రహ్మచర్యం తన ఇష్టపూర్వకంగానే తీసుకుంటున్నానని సొంత చేత్తో రాసివ్వాలి. అది మా కథోలిక సభ పెట్టిన నియమం. బలవంతం ఉండకూడదని సభకున్న జాగ్రత్త నాకు లేకపోయింది. రాసిచ్చే ముందు వారం వాడు ధ్యానానికి వెళ్లాడు. అక్కడ ఫోన్లు ఉండవు. ఆదివారం ఇంటికొచ్చి, సోమవారం వెళ్లి రాసివ్వాలి.

శనివారం నేను వాకిట్లో కూర్చుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తున్నాను. ఆ అమ్మాయి గేటు తీసుకుని లోపలికి వచ్చింది. పేరు చెప్పను, ఆమెకిప్పుడు సంసారం ఉంది. చూడగానే ఆ టీచరేనని నాకు తెలిసిపోయింది.

"నందిగామ నుంచి వచ్చానండి. చిల్లకల్లులో బస్సు దిగి ఆటో ఎక్కా" అంది. నేను కూర్చోమనలేదు. తనే కూర్చుంది. ఊరికే కూర్చోలేక మిరపకాయలు ముందుకు లాక్కుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. నన్ను మంచి చేసుకోవడానికి అనుకున్నాను.

"వాడు లేడు. రేపొస్తాడు."

"తెలుసక్కా. మీకు చెప్తే ఆయనకి చెప్పినట్టే అన్నారు. నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడిగారు. ఇష్టమైతే పట్టానికి రాసిచ్చేలోపు, శనివారం ఇంటికొచ్చి అక్కకి చెప్పు, లేకపోతే రావద్దు, ఇంకెప్పుడూ అడగనన్నారు. నాకిష్టమేనని చెప్పండి."

నా ఒళ్లు మండింది. "మీ నాన్న పంపించాడా?" అన్నాను. వాళ్ల నాన్న ఒక మందిరానికి పాస్టరని అంతకుముందే ఆరా తీశాను. మావాణ్ణి లాగేసి నలుగురిలో చెప్పుకోవడానికి వాళ్లే ఈ పిల్లని ఉసిగొల్పారనుకున్నాను.

"అయ్యో, ఆయనకి తెలిస్తే చంపేస్తాడండి. ఆర్‌సీఎం వాళ్ల అబ్బాయా అని" అంటూ నవ్వింది. ఆర్‌సీఎం అంటే మేమే, కథోలికులం.

"నవ్వకు. గురువులకి పెళ్లి లేదు. ఎందుకు లేదో తెలుసా?"

"తెలీదక్కా. పేతురుకి అత్త ఉందిగా? అత్త ఉందంటే పెళ్లాం ఉన్నట్టేగా?"

"ఆ పేతురే మేం అన్నీ వదిలేసి నీ వెంట వచ్చాం ప్రభువా అన్నాడు. ఇల్లూ భార్యా వదులుకున్నవాళ్లకి ఎన్నో రెట్లిస్తానన్నాడు ప్రభువు. లూకాలో ఉంది, చూసుకో."

"మరి సంఘ పెద్దకి ఒక్కతే భార్య ఉండాలని పౌలు తిమోతికి రాసాడుగా?"

"ఒక్కతికి మించి ఉండకూడదని. ఉండి తీరాలని కాదు. ఉండి తీరాలంటే ముందు పౌలే పనికిరాడు."

"భలే చెప్పారక్కా" అంది. ఎగతాళి కాదు, నిజంగానే మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు నా తలకెక్కింది. లేచి చేతులు కడుక్కుని బైబిలు తెచ్చాను. ఆమెకి మాత్రం చేతులు కడుక్కోమని చెంబెడు నీళ్లివ్వలేదు, తాగడానికీ ఇవ్వలేదు. "నా చేతులు కారం, మీరే చదవండి" అంది. కొరింతీయులకి పౌలు రాసిన మొదటి లేఖ ఏడో అధ్యాయం తీశాను. పెళ్లికానివాడు ప్రభువు పనుల గురించి ఆలోచిస్తాడని, పెళ్లైనవాడికి భార్యని ఎలా సంతోషపెట్టాలన్న ధ్యాసే ఉంటుందని, వాడి మనసు రెండుగా చీలుతుందని గట్టిగా చదివి వినిపించాను. అక్కడ ఆపేశాను. దాని కిందనే పౌలు ఇంకో మాట రాశాడు. ఇది మీ మేలు కోరి చెబుతున్నానే గానీ మీ మెడకి ఉరి వేయడానికి కాదని. ఆ వాక్యం నా బొటనవేలి కింద ఉంది. నేను వేలు తియ్యలేదు.

ఆమె చేతిలోని మిరపకాయ కింద పెట్టింది. "నేను దేవుడితో పోటీకి రాలేదక్కా. ఆయన అడిగారు, నేను చెప్తున్నా. తర్వాత ఆయనిష్టం. నా మాట చెప్తారుగా?"

"చెప్తా."

ఆమె ముంజేత్తో కళ్లు తుడుచుకుంది. కారం తగిలి కళ్లు ఎర్రబడ్డాయి. ఏడుపో, మిరపఘాటో తెలియలేదు. నటన అనుకున్నాను. గేటు వేసుకుని వెళ్లిపోయింది.

ఆదివారం తమ్ముడొచ్చాడు. చెప్పులైనా విప్పలేదు.

"అక్కా, నిన్న ఎవరన్నా వచ్చారా?"

"ఎవరూ రాలేదు."

సోమవారం పొద్దున బస్సెక్కించడానికి వెళ్లినప్పుడు మళ్లీ అడిగాడు. "ఎవరూ రాలేదా అక్కా?" రాలేదన్నాగా అని కసిరాను. సరేనని తలూపి ఎక్కాడు. కిటికీ పక్కన కూర్చున్నాడు గానీ నా వైపు చూడలేదు. ఆ రోజే రాసిచ్చాడు.

గురుపట్టం రోజున బిషప్ గారు కొత్త గురువు చేతులకి తైలం రాస్తారు. ఆ తైలం తుడిచిన గుడ్డని గురువు తన తల్లికిస్తాడు. ఆమె పోయినప్పుడు శవపేటికలో ఆమె చేతుల్లో పెడతారు. పైన ప్రభువుకి చూపించి, నా బిడ్డని నీకిచ్చానని చెప్పుకోవడానికట. మా అమ్మ లేదు కదా, వాడు దాన్ని నాకిచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. నాన్న ముందు వరసలో కుర్చీకి ఆనుకుని కూర్చున్నాడు. నా చేతిలో ఆ గుడ్డ ఇంకా జిడ్డుగానే ఉంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

కొన్నేళ్లకి నందిగామ బస్టాండులో ఆ అమ్మాయి ఎదురైంది, చంకలో బిడ్డతో. తప్పించుకుందామనుకునేలోపే పలకరించింది. నలుగురిలో నిలదీస్తుందనుకున్నాను. "ఫాదర్ గారు బాగున్నారా అక్కా? మంచి నిర్ణయమే తీసుకున్నారు" అని వెళ్లిపోయింది. తన మాట వాడికి అందిందని, విన్నాకే వాడు దేవుణ్ణి ఎంచుకున్నాడని ఆమె నమ్మకం. ఆమె రాలేదని వీడి నమ్మకం. ఆ ఇద్దరి మధ్యా నేను.

ఒకటి చెప్పాలి. గురువుల బ్రహ్మచర్యం తప్పని నేను ఈనాటికీ అనను. అడిగితే అవే వాక్యాలు చూపిస్తాను. నా తమ్ముడు మంచి గురువు. చావుకైనా బతుక్కైనా పిలవగానే వస్తాడు. అయితే ప్రభువు దాన్ని చేయగలిగినవాణ్ణి చేయమన్నాడు, వరమన్నాడు పౌలు. వరాన్ని ఎవరి చేతిలోనన్నా కుక్కుతారా? ఆ పిల్ల వచ్చిందని తెలిసీ వాడు దేవుణ్ణే ఎంచుకునేవాడేమో. ఆ నమ్మకం నాకుంటే చెప్పి ఉండేదాన్ని. నేను వాణ్ణి నమ్మలేదు. నిజం చెప్పాలంటే దేవుణ్ణీ నమ్మలేదు. నేను కాపాడింది వాక్యాన్నా, ఆ కుర్చీనా? లేక నేను పోగొట్టుకున్నది వాడికి మాత్రం ఎందుకు దక్కాలన్న కుళ్లా? ఎంత తవ్వినా అడుగు తేలడం లేదు.

మొన్న కుర్రాళ్లని సెమినరీ వైపు ప్రోత్సహించే దైవపిలుపుల ఆదివారం వాణ్ణి మా పేట గుడికి ప్రసంగానికి పిలిచారు. పూజయ్యాక కుర్రాళ్లు చుట్టూ చేరారు. ఒకడు లేచి, ఫాదర్లు పెళ్లి చేసుకోకూడదని బైబిల్లో ఎక్కడుందని అడిగాడు. తమ్ముడూ ఆ ఏడో అధ్యాయమే తీశాడు. నేను ఆపిన చోట ఆపలేదు. ఉరి వేయడానికి కాదన్న దాకా చదివి, బైబిలు మూశాడు.

"నన్నెవరూ బలవంతపెట్టలేదురా" అన్నాడు. "నేనూ ఊగిసలాడా. ఒక మనిషి వస్తే ఒక దారి, రాకపోతే ఇంకో దారి, నువ్వే తేల్చు ప్రభువా అని వదిలేసా. ఆ శనివారం ఎవరూ రాలేదు. దేవుడే జవాబు చెప్పాడనుకున్నా. కాలు జారబోయినప్పుడల్లా ఆ శనివారాన్నే పట్టుకుని నిలబడుతున్నా. మా అక్కే సాక్షి. ఆ రోజు ఇంట్లో ఉంది అక్కే."

అందరూ నా వైపు తిరిగారు. వాడూ చూశాడు. ఆ చూపులో ఏముందో అప్పట్నుంచీ తవ్వుకుంటున్నాను. తెలిసే అన్నాడా? ఇన్నేళ్ల తర్వాత మూడోసారి అడిగాడా?

నేను తలూపాను. రెండుసార్లు నోటితో, మూడోసారి తలతో. ఆ పిల్లకి పేతురు గురించి అంత చెప్పాను గానీ, ప్రభువెవరో తెలియదని కోడి కూసేలోపు పేతురు మూడుసార్లు బొంకిన సంగతి నాకప్పుడు గుర్తు రాలేదు. ఆయనకి కోడైనా కూసింది. గుళ్లో అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ శనివారం జవాబు చెప్పింది దేవుడు కాదు. మిరపకాయల ముందు కూర్చున్న నేను. ఇప్పుడు వాడికి నిజం చెబితే వాడు పట్టుకున్నది విరిగిపోతుంది. చెప్పకపోతే నా అబద్ధాన్ని దేవుడి మాటగా ఊరూరా చెబుతూనే ఉంటాడు. ఏది చెయ్యాలో నాకు తెలియడం లేదు. మీరు చెప్పొద్దు. చెప్పినా మీరెందుకలా అన్నారో అని అనుమానిస్తాను.

ఆ గుడ్డ బీరువాలో ఉంది. నా చేతుల్లో పెట్టొద్దని చెబుదామంటే ఎందుకని అడుగుతారు. పెడితే మాత్రం, పైన ప్రభువు దాన్ని చూసి ఇంకేమీ అడగడు. నిన్న ఎవరన్నా వచ్చారా అని నా తమ్ముడడిగినట్టే అడుగుతాడు.

అందుకే ముందుగా మీ దగ్గర ఆ జవాబుకి నోరు అలవాటు చేసుకుంటున్నాను. వచ్చింది. నందిగామ నుంచి ఒకమ్మాయి వచ్చింది. తనకిష్టమేనని చెప్పమంది.