బావ నన్ను గుర్తుపట్టని రోజు

మా బావ, అంటే అక్క భర్త, పోర్టులో క్రేన్ ఆపరేటర్. మందు ముట్టని మనిషి. ఎప్పుడో రక్తంలో చేరిన కామెర్ల వైరస్ ఆయన కాలేయాన్ని పాడుచేసింది. పొట్టలో నీరు చేరేది. మాత్రలు వేసుకుంటే కొంత తగ్గేది. ఆ నీటికి మేమంతా అలవాటుపడిపోయాం.

ఓ ఉదయం మధురవాడలో ఆఫీసు మెట్లెక్కుతుంటే అక్క ఫోన్ చేసింది.

"ఒరే, మీ బావ ఏటేటో మాట్లాడతన్నాడ్రా. నాకు బయ్యంగా ఉంది. బేగి రా."

నేను వెళ్లేసరికి బావ మంచం మీద కూర్చుని, క్రేన్ నడుపుతున్నట్టు రెండు చేతులూ గాల్లో ఆడిస్తున్నాడు. ఒళ్లు కాలిపోతోంది.

"బాక్సు దిగతంది. కింద మనుసులున్నారు, తప్పుకోమను!" అని అరిచాడు.

"బావా, నానే."

నా మొహంలోకి చూశాడు. "నువ్వెవులివి?"

నాకు బైక్ నేర్పిన మనిషి. వెంటనే క్యాబ్ పిలిచాను.

క్యాబ్‌లో గతుకు వచ్చినప్పుడల్లా పొట్ట పట్టుకుని మూలిగాడు. అక్క పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పొట్టలోకి సూది దించి నీరు తీసింది. ఇదివరకు తీసినప్పుడు తేటగా ఉండేది. ఈసారి బియ్యం కడిగిన నీళ్లలా ఉంది.

"పెరిటొనైటిస్. పొట్టలో నీటికి ఇన్ఫెక్షన్ పట్టింది. అందుకే మతి తప్పింది. లివర్ ఇలా ఉన్నవాళ్లకి చాలా ప్రమాదం. కిడ్నీలు కూడా దెబ్బతినొచ్చు. మందు మొదలుపెట్టాం, చూద్దాం."

ఆ 'చూద్దాం' విన్నాక నేను మంచం పక్కనే కూర్చుండిపోయాను. మూత్రం సంచిలో ఒక్కో చుక్క పడుతుంటే ఊపిరి పీల్చుకునేవాణ్ణి.

కొన్నాళ్లకి జ్వరం దిగింది. బావ కళ్లు తెరిచి, "ఏట్రా, ఆపీసుకెల్లలేదా?" అన్నాడు. అక్క బయటికెళ్లి గోడకానుకుని ఏడ్చింది.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ, తీసిన నీటిలో కొంత పరిశోధనకు ఉంచుకోవచ్చా అని బావని అడిగింది.

"అందులో ఏటి సూత్తారమ్మా?"

"ఇది ఎవరికి మళ్లీ వస్తుందో ముందే కనిపెట్టగలమా అని."

"నాకు మల్లీ వత్తాదా?"

ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. "రావచ్చు. రాకుండా ఇచ్చిన మాత్ర ఒక్కరోజు కూడా మానకండి. లివర్ మార్పిడి గురించి కూడా మాట్లాడుకోవాలి."

"ఉంచుకోండి," అన్నాడు బావ.

ఇప్పుడాయన క్రేన్ ఎక్కడం లేదు. ఇంట్లోనే ఉంటాడు. ఫోన్‌లో ఒక్క మాట తడబడితే చాలు, "బావా, ఇయాల ఏ వారం?" అని అడుగుతాను. ఎందుకడుగుతున్నానో ఆయనకి తెలుసు. కాస్త ఆగి చెప్తాడు. అంతసేపూ బైక్ తాళం నా చేతిలోనే ఉంటుంది.