పులివెందుల తోటలో పేరు దక్కని మొక్క

పులివెందుల దగ్గర ఒక కాలేజీ తోటలో అనాస కుటుంబానికి చెందిన బ్రొమీలియాడ్ మొక్కలున్నాయి. వాటిని పోగుచేసింది మాకు వృక్షశాస్త్రం చెప్పిన మేడమ్. ఒక్కదానికి తప్ప అన్నిటికీ పేర్లు తేల్చారు. ఆ ఒక్కటి పూయలేదు. పువ్వు విప్పి చూడనిదే జాతి చెప్పలేం. పైగా అది బతుకులో ఒక్కసారే పూసి చచ్చిపోయే రకం. నిరుడు మేడమ్ పోయారు. ఇప్పుడు ఆ మొక్కలున్న షెడ్డు పడగొడుతున్నారు. పేరున్న మొక్కలే వేరే చోటికి వెళ్తాయట, లేనివి చెత్తలోకి. అలాంటి సమయంలో తోట చూసుకునే బాషా ఆ పేరులేని మొక్కకు వచ్చిన మొగ్గ ఫోటో పంపాడు. ఆమె చూడలేకపోయిన పువ్వుకు నేనైనా పేరు పెట్టాలని, విచ్చే సమయం లెక్కేసుకుని బయల్దేరాను.

ప్రొద్దుటూరులో పొద్దున్నే బస్సెక్కితే జమ్మలమడుగు ముక్కాలు గంట. గండికోట చూసేవాళ్లంతా అక్కడే దిగిపోయారు. ముద్దనూరు మీదుగా పులివెందుల చేరేసరికి ఎండ ముదిరింది. తోటకు బస్సు లేదు, ఆటో బేరమాడుకోవాల్సిందే.

"ఆడేముందప్పా చూసేదానికి?" అన్నాడు ఆటో అతను.

"ఒక పువ్వు."

"పువ్వు కోసరం ప్రొద్దుటూరు నుంచి వచ్చినావా? శానా ఓపిక నీకి."

షెడ్డులోకి అడుగుపెట్టగానే కుళ్లు వాసన కొట్టింది. ఆ మొక్క ఆకులు నడుమ గిన్నెలా కూడి నీళ్లు పట్టుకుంటాయి. ఆ నీళ్ల మీద నల్లటి జిడ్డు తేలుతోంది. మొగ్గను ముట్టుకుంటే మెత్తగా చేతిలోకి ఊడొచ్చింది. మొక్క మొదలు దగ్గర పిలక ఉందేమోనని వెతికాను. ఉంది, అదీ నల్లబడింది.

"ఏం పోశావు బాషా?"

"పాత ఇంజిన్ ఆయిల్ సార్. శుక్రవారం శుక్రవారం నిలవనీళ్లు పారబోయమని మైకులో చెప్తాండారు కదా. ఇంతకు ముందు ఈ కుండీ కూడా వంచేవాణ్ణి. మొగ్గ వచ్చినంక వంచితే యాడ విరుగుతాదో అని భయపడి, దోమలు పుట్టకుండా ఆయిల్ పోసినా."

నాకు ఒళ్లు మండింది. "ఆకుల్లో నీళ్లకు ఇంత రాద్ధాంతమా?" అన్నాను.

అతను తల దించుకున్నాడు. "మా పాప డెంగీతోనే పోయింది సార్. నిలిచిన నీళ్లు చూస్తే పానం నిలవదు."

బ్లేడుతో మొగ్గ కోశాను. రేకులూ కేసరాలూ ఒకటే ముద్ద. ఆకు అంచు ముళ్లను బట్టి ఈక్మియా అనే ప్రజాతి అనుకోవచ్చు, అంతకు మించి చెప్పలేను. నాకు తెలిసిన జాతుల్లో దేనితోనూ ఆ ఆకులు కలవలేదు. "ఇప్పుడు దీన్ని పారేస్తారా సార్?" అని అడిగాడు బాషా. పారేస్తారని చెప్పాను.

తిరుగు బస్సులో కోపం ఎవరిమీద పెట్టుకోవాలో తెలియలేదు. బిడ్డను పోగొట్టుకున్న మనిషి ఆ మొగ్గను కాపాడాలనే చూశాడు. అంతకంటే నన్ను బాధించింది ఏదీ లేదు. మీరూ ఇలాంటి పూత చూడ్డానికి వెళ్లేట్టయితే ముందే ఫోన్ చేసి, ఆకుల గిన్నెలో నీళ్లు వారానికోసారి సిరంజితో తోడేసి కొత్తవి పోయమనండి. దోమ పుట్టదు, మొక్కా చావదు. ఫోటో అందిన రోజు బాషాకు నేను ఫోన్ చేశాను. పువ్వు ఎప్పుడు విచ్చుతుందని మాత్రమే అడిగాను.