ఎర్ర అట్టల ఆల్బం

పోయిన నెలలో ఒక ఆదివారం మధ్యాహ్నం మా కొడుకు బిడ్డ వనపర్తిలోని మా ఇంట్లో మంచం నిండా రంగురంగుల దళసరి కాగితాలు పరుచుకుని కూర్చుంది. దానికి చేత్తో గ్రీటింగ్ కార్డులు చేయడం, ఫోటోలు పెట్టి పక్కన నాలుగు మాటలు రాసి పుస్తకాలు కట్టడం మహా ఇష్టం. ఈసారి స్నేహితురాలి పెళ్లికి కానుకగా ఒక ఆల్బం మొదలుపెట్టింది. ఒక్కో కట్ట మీది చీటీ చదివి వినిపిస్తూ, ఇందులో యాసిడ్ లేదట, ఇందులో చెక్క గుజ్జు కలవలేదట, ఇది వందేళ్లయినా పసుపెక్కదట అని అది చెబుతుంటే, నేను చీటీల జోలికి పోకుండా ఒక్కో కాగితం మూల వేళ్ల మధ్య పెట్టి రాసి, వెలుతురుకు ఎత్తి చూసి, వాటిలో ఒక ముదురెరుపు కాగితాన్ని తీసి పక్కన పెట్టేశాను. నిజానికి అన్నింటిలోకీ అదే అందమైనది.

"గదే మంచిగుంది గద నానమ్మా, ఎందుకు తీసేసినవ్?" అని మొహం ముడుచుకుంది. తడిగుడ్డతో ఆ కాగితం మీద ఒక్కసారి అద్ది చూపించాను. గుడ్డకు గులాబీ రంగు అంటింది. చీటీలో అన్నీ ఉన్నాయి గాని, రంగు దిగుతుందన్న మాట మాత్రం లేదు. నీకెట్ల తెలుసని అది ఆశ్చర్యపోతే ఏదో చెప్పి తప్పించుకున్నాను. కానీ ఆ రోజంతా నా మనసు గద్వాలలోనే ఉండిపోయింది.

మా మేనమామకు గద్వాలలో పుస్తకాలు బైండింగు చేసే దుకాణం ఉండేది. పదో తరగతి అయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోవడం ఎందుకని మా అమ్మ నన్ను ఆయన దగ్గరికి పంపింది. మగ్గాల ఇళ్లలో ఆడవాళ్లు పొద్దస్తమానం నూలు పనిలోనే ఉండే ఊరు కాబట్టి, ఆడపిల్ల చేతిపని నేర్చుకుంటే అక్కడ ఎవరూ వింతగా చూడలేదు. బడి హాజరు పుస్తకాలు, కచేరీ కాగితాలు, వాడి వాడి చిరిగిన నిఘంటువులు మా దగ్గరికి వచ్చేవి. కాగితాలు మడవడం, దారంతో కుట్టడం, పురుగు పట్టకుండా చిటికెడు మైలతుత్తం వేసి మైదా జిగురు ఉడికించడం నా పని. మన ఈడు వాళ్లకు ఆ జిగురు వాసన గుర్తుండే ఉంటుంది. బడి తెరిచిన కొత్తలో ప్రతి పుస్తకమూ ఆ వాసనే వేసేది.

మామ మాట తక్కువ మనిషి. కాగితం విషయంలో మాత్రం ఎవరి మాటా నమ్మేవాడు కాదు. కొత్త సరుకు రాగానే ఒక్కో రకం నుంచి వేలెడంత ముక్క కత్తిరించి, దుకాణం మిద్దె మీదికి తీసుకెళ్లి, సగం ముక్క పలక కింద, సగం ఎండలో ఉండేటట్టు పరిచి వచ్చేవాడు. నెల తర్వాత పలక ఎత్తి చూస్తే కొన్ని ముక్కలు పసుపునీళ్లు పోసినట్టు రెండు రంగులుగా తేలేవి. వాటిని అట్టల లోపలి అస్తరుకే తప్ప మరి దేనికీ వాడేవాడు కాదు. ఈ తతంగమంతా నాకు నవ్వులాటగా ఉండేది. నా కన్నంతా రంగుల మీదే. ప్రెస్సు నుంచి వచ్చే పెళ్లికార్డుల అట్టముక్కలు ఏరుకుని, పువ్వులు కత్తిరించి, కొత్త సంవత్సరానికి కార్డులు చేసేదాన్ని. కాలేజీ అమ్మాయిలు వెతుక్కుంటూ వచ్చి అడిగి తీసుకునేవాళ్లు. దాంతో నాకు కాస్త తలకెక్కింది కూడా, దాచుకోవడం ఎందుకు?

ఆ రోజుల్లోనే మా అక్కకు ఆ కష్టం వచ్చింది. అక్కను ఆత్మకూరు దగ్గర ఒక పల్లెకు ఇచ్చారు. బావ ఏటా చేనుపనులు అయిపోయాక మేస్త్రీ వెంట ఆనకట్టల పనికి, కాలువల పనికి దూరదేశం పోయేవాడు. మా వైపు పల్లెల్లో అది కొత్త సంగతేమీ కాదు. ప్రతిసారీ ఇద్దరూ కలిసి పోయేవాళ్లే గాని, ఆ ఏడు అక్కకు నాలుగో నెల కాబట్టి ఆమెను ఇంటి దగ్గర ఉంచి ఒక్కడే వెళ్లాడు. అక్కడ కాలువ గట్టు విరిగి మీద పడింది. కబురు ఊరు చేరేసరికే అక్కడ మట్టి చేసేశారు. అక్క ఆయన మొహం చూడనేలేదు. కొన్నాళ్లకు ఆ కూలీల ముఠాలోంచి తిరిగివచ్చిన ఒక మనిషి బావ సంచీలో దొరికిందంటూ ఒక ఫోటో తెచ్చి ఇచ్చాడు. చనిపోవడానికి కొద్దిరోజుల ముందు అక్కడి టౌనులో స్టూడియోకు పోయి దిగాడట. స్టూడియో వాళ్ల కోటు వేసుకుని, తల నున్నగా దువ్వుకుని, పళ్లు కనిపించేలా నవ్వుతున్నాడు. పెళ్లిలో తీసిన రెండు ఫోటోలలోనూ బావ కర్రలా బిగుసుకుని ఉన్నాడు. ఆయన నవ్విన ఫోటో అదొక్కటే.

ఆడపిల్ల పుట్టింది. పిల్లకు మూడో నెల రాగానే అక్క ఆ మూడు ఫోటోలూ రవికె గుడ్డలో చుట్టుకుని, పిల్లను చంకనేసుకుని గద్వాల వచ్చింది. "దీనికి నాయిన ఎట్లుండెనో తెల్వాలె గదనే. పెద్దగైనంక సూస్కుంటది. జర పుస్తకం లెక్క జేసియ్యి" అన్నది.

మామ ఆ రోజు పని మీద నాగర్‌కర్నూలు పోయాడు. అక్క సాయంత్రం బస్సుకే తిరిగిపోవాలి. నాకు చేతనైనంత అందంగా చేయాలని, పెళ్లికార్డుల అట్టల్లో అన్నింటికంటే మెరిసే ముదురెరుపు రకం ఏరి తీశాను. ఫోటోల వెనక మైదా జిగురు దట్టంగా పూసి, అట్టల మీద ఒత్తి, అంచుల చుట్టూ బంగారు కాగితంతో తీగలు అల్లాను. బావ నవ్వుతున్న ఫోటో వెనక పెన్సిలుతో ఏదో సన్నగా గీకి ఉండటం నేను చూశాను. స్టూడియో వాళ్ల గుర్తులేమో అనుకున్నాను. చదవలేదు. బస్సు వేళవుతోందన్న తొందరలో దాని మీదనే జిగురు పూసేశాను. అక్క ఆ పుస్తకం చూసి కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, నా చేతులు పట్టుకుని తన కళ్లకు అద్దుకుంది.

మరునాడు మామ వచ్చాక గొప్పగా చెప్పాను. ఏ కాగితం పెట్టావని అడిగాడు. ఎర్ర అట్ట అన్నాను. ఎట్లా అంటించావని అడిగాడు. వెనకంతా జిగురు రాశానన్నాను. ఆయన చేతిలోని సూది కిందపెట్టాడు.

"పోయి తీస్కరా బిడ్డా. ఫోటోకు గట్ల జిగురు వెట్టొద్దు. గా అట్ట రంగిడుస్తది. మల్ల జేద్దాం."

నాకు చురుక్కుమంది. నా చేతి పనిని మెచ్చుకోలేదు సరికదా, అక్క కళ్లకద్దుకున్న దాన్ని విప్పమంటాడా! పోతానంటూనే పోలేదు. మామ తర్వాత రెండుసార్లు గుర్తు చేశాడు. మూడోసారి అడగలేదు. నేనూ హాయిగా మరిచిపోయాను.

ఐదేళ్లు గడిచాయి. ఇంకో వారంలో బడులు తెరుస్తారనగా అక్క కూతురితో సహా వచ్చి, ఆ పుస్తకం నా ముందు పెట్టింది. పిల్లను బడిలో వేసే ముందు తండ్రిని చూపిద్దామని పెట్టె తెరిచిందట. వెనకటేడు వానలకు ఇల్లు కురిసి పెట్టెలోకి చెమ్మ దిగింది. ఎర్ర రంగంతా కరిగి ఫోటోల్లోకి పాకింది. ఆ చెమ్మకు మైలతుత్తం కూడా పనిచేయక, జిగురు కోసం పురుగు చేరి అంచులు కొరికింది. పెళ్లి ఫోటోలు ఎలాగో మిగిలాయి గాని, బావ నవ్వు మీద తుప్పు మరకలాంటిది పరుచుకుంది. "నువ్వు మంచిగనే జేసినవే. వాన పాడుజేసింది" అన్నది అక్క. ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

మామ నాచేత వెడల్పాటి తాంబాళంలో మంచినీళ్లు పోయించి, అట్టతో సహా ఫోటోలను అందులో మునగనిచ్చాడు. నీళ్లు ఎర్రబడటం, పారబోయడం, మళ్లీ పోయడం. ఎన్నిసార్లు మార్చామో లెక్కలేదు. జిగురు నాని పెళ్లి ఫోటోలు రెండూ వాటంతటవే విడిపోయి పైకి తేలాయి. మూడోది విడుతుండగా మరక పడినచోట పైపొర మెత్తబడి, నా కళ్లముందే ఒక చెంపా, సగం నవ్వూ పాలమీది మీగడలా ఊడి నీళ్లలో కలిసిపోయాయి. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. మామ మాత్రం ఆ మిగిలినదాన్ని అద్దంపలక మీద బోర్లా పరిచి, వెనక అంటుకున్న జిగురును తడి దూదితో మెల్లమెల్లగా తుడుస్తూ, ఉన్నట్టుండి చెయ్యి ఆపాడు.

"ఇదేందే? ఏందో రాసున్నది. సదువు."

సిరా అయితే ఎప్పుడో కరిగిపోయేది. పెన్సిలు రాత కాబట్టి ఎర్రటి మరక కింద కూడా అట్లాగే నిలిచి ఉంది. వంకరటింకర అక్షరాలు. బావకు చదువు రాదు, ఎవరిచేతనో రాయించాడు. నేను పైకి చదివాను.

"నేను మంచిగున్న. కట్ట పని అయినంక వస్త. ఆడివిల్ల వుడితె మా అవ్వ పేరు వెట్టు. మొగవిల్లగాడైతె నీ ఇష్టం."

గడపలో కూర్చున్న అక్క మళ్లీ చదవమన్నది. మళ్లీ చదివాను. ఇంకోసారి అన్నది. మూడోసారి మామే అందుకుని చదివాడు.

"ఐదేండ్ల సంది గీ మాట నా పెట్టెలనే ఉన్నదానే?" అన్నది అక్క.

అప్పుడు చెప్పకపోతే ఇక జన్మలో చెప్పలేనని తోచింది. "రాసి ఉన్నది సూసిన అక్కా. సదవలే. దాని మీదనే జిగురు వెట్టిన" అన్నాను. అక్క లేచి లోపలికి పోయింది. ఆ రోజు, ఆ మరునాడు నాతో మాట్లాడలేదు. పిల్లకు అన్నం కలిపి పెట్టింది, తల దువ్వింది, మామ అడిగినవాటికి జవాబు చెప్పింది, అంతే. ఊరికి పోయేనాడు బస్సు ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "బడిల పేరు ఇంక రాయియ్యలే. గా పేరే రాయిస్త" అన్నది. మెట్టు మీద కాలు పెట్టి మళ్లీ ఆగింది. "ఇంకో పుస్తకం జెయ్యి. ఈసారి మామ జెప్పినట్టు జెయ్యి."

బడిలో బావ తల్లి పేరే రాయించింది. ఇంట్లోవాళ్లు కొత్త పేరుతో పిలిస్తే పిల్ల మొదట్లో తనను కాదన్నట్టు ఆడుకుంటూ ఉండేదట. దసరా నాటికి పలకడం మొదలుపెట్టింది.

రెండో పుస్తకానికి మామ దుకాణంలోని ఏ కాగితమూ వాడనివ్వలేదు. తన పెట్టె అడుగు నుంచి ఒక మూట తీశాడు. ఎప్పుడో ఎవరి ఇంటివో పాత పత్రాలు కుట్టి ఇచ్చినప్పుడు, రాయకుండా మిగిలిన ఆకులు అడిగి తీసుకున్నాడట. నూలు గుడ్డలు నానబెట్టి దంచిన గుజ్జుతో చేసిన కాగితం. మిద్దె మీద ఒక ఎండాకాలమంతా పడి ఉన్నా రంగు మారలేదట. అన్నేళ్లుగా దాచుకున్నవి, ఉన్న పన్నెండు ఆకులూ నా ముందు పెట్టేశాడు. ఈసారి చుక్క జిగురు ముట్టలేదు. ఆకులో ఏటవాలుగా సన్నని గాట్లు పెట్టి ఫోటోల మూలలు వాటిలోకి దూర్చాను. ఆకుకూ ఆకుకూ మధ్య పల్చటి బటర్ పేపరు పెట్టాను. తీగలు లేవు, పువ్వులు లేవు. సగం మొహమే మిగిలిన ఆ ఫోటోను ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి తీసి, తిప్పి, వెనక చదువుకోవచ్చు. నేను చేసినవాటిలో అంత సాదాగా ఉన్న పుస్తకం ఇంకొకటి లేదు.

మామ పోయి చాలాకాలమైంది. ఆ దుకాణం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. అక్క కూడా వెళ్లిపోయింది. వెళ్లేముందు, అంతకుముందు ఎన్నడూ అనని ఒక మాట తనంతట తనే అన్నది, ఆ పుస్తకం చెడిపోబట్టే ఆయన మాట దొరికింది గదనే అని. అది నన్ను ఊరడించడానికి అన్నదో, నిజంగానే అట్లా అనుకున్నదో నాకు తెలియదు. పుస్తకం అక్క కూతురి దగ్గర, నాగర్‌కర్నూలులో ఉంది. ఆకులు ఇంకా గేదెపాల మీగడ రంగులోనే ఉన్నాయి.

ఈ మధ్య లింగాల వైపు నుంచి, తిమ్మాజిపేట వైపు నుంచి పనికి పోయేవాళ్లను బస్టాండులో చూస్తుంటాను. ప్రతి ఒక్కరి చేతిలో ఫోను ఉంటుంది. అక్కడ పని ముగియగానే ఇంట్లోవాళ్ల మొహాలు చూస్తూ మాట్లాడుకుంటారు. పుట్టబోయే బిడ్డకు ఏ పేరు పెట్టాలో ఆ పూటే చెప్పుకుంటారు. మంచిదే. ఒక్క మాట కోసం ఐదేళ్లు ఆగాల్సిన గతి ఇప్పుడు ఏ ఆడబిడ్డకూ లేదు. మా కాలమే గొప్పదని చెప్పడానికి నాకు నోరు రాదు.

అయితే ఎప్పుడైనా నాగర్‌కర్నూలు పోయి ఆ ఫోటో వెనక్కి తిప్పి చూసినప్పుడు, ఆ వంకర అక్షరాలు రాసినవాడు ఎవరై ఉంటాడా అని ఆలోచిస్తాను. ముఠాలో నాలుగక్షరాలు వచ్చిన ఏ కూలివాడో, పగలంతా మట్టి మోసి వచ్చి, పెన్సిలు ముక్క నాలుకకు అద్దుకుని, మా బావ చెబుతుంటే ఒక్కో మాటే రాసి ఉంటాడు. అతని పేరు మాకు తెలియదు. బతికి ఉన్నాడో లేడో కూడా తెలియదు. ఇప్పుడు ఎవరి మాట వాళ్లే చెప్పుకుంటున్నారు. ఒకరి మనసులో ఉన్నది ఇంకొకరు పక్కన కూర్చుని, విని, రాసిపెట్టే ఆ కాలం మాత్రం మనతోనే పోతున్నది.