సగం బొమ్మ గీసిన రంగస్వామి

ఎమ్మిగనూరులో ఏ ఇంట్లో పాత బీరువా తెరిచినా రంగస్వామి మామ గీసిన నెమలి ఒకటి తొంగి చూస్తుంది. ఎమ్మిగనూరు ఒక్కటేనా? ఆయన హంసలు బళ్లారి పోయాయి, హుబ్లీ పోయాయి. ఒక హంస అయితే ఢిల్లీలో ఎవరో పెద్దింటావిడ భుజమెక్కి విమానం కూడా ఎక్కింది. నేను చూశానా అంటే చూడలేదు. చూసినవాళ్లకంటే బాగా చెప్పగలను, అంతే.

తెలియనివాళ్ల కోసం ఆయన పనేమిటో చెబుతాను. చీర అంచుకూ కొంగుకూ వేసే బొమ్మను ముందు గళ్ల కాగితం మీద గీయాలి. ఆ గళ్లను చూసి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టల దండను మగ్గం మీది జకార్డు యంత్రానికి తగిలిస్తే, కాగితం మీది నెమలి గుడ్డలోకి దిగుతుంది. జీవితమంతా మామ గీసింది ఆ గళ్ల మీదే. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, మామ పెన్సిళ్లకు పని పోయింది. సాయంత్రాలు నా ఫ్లెక్సీ షాపుకు వచ్చి కూర్చునేవాడు. నాయకుల పుట్టినరోజు బ్యానర్లు ఒక్కొక్కటే మిషన్లోంచి బయటికి వస్తుంటే చూసి నిట్టూర్చేవాడు.

"వీళ్ల మొగాలకింద పేర్లు సూడప్పా, గుమ్మడికాయంత. నా నెమలి కింద ఒక్కతూరి అన్నా నా పేరు పడిందా? అంగడోని పేరు మాత్రం సంచి మీద మెరుస్తా ఉండాది."

ఆయనకున్న కోరిక అదొక్కటే. తను గీసిన బొమ్మ కింద తన పేరు అచ్చులో చూసుకోవాలి.

అలాంటి రోజుల్లో సుప్రజ నా షాపుకు వచ్చింది. ఆమెది ఆదోని. హైదరాబాదులో దేశాల కబుర్లు వేసే పత్రికలో పని. తమ్ముడి పెళ్లి బ్యానరు కోసం వచ్చి, గోడకు నేను అంటించుకున్న మామ గళ్ల కాగితం ముందు ఆగిపోయింది.

"ఇది ఎవరు గీశారు? వచ్చే సంచిక జార్జియా దేశం మీద వేస్తున్నాం. అక్కడి ద్రాక్షసారా సంగతులు. ముఖచిత్రం ఇట్లా నేసిన గుడ్డలా ఉంటే ఎంత బాగుంటుంది!"

"జార్జియానా? మా మామ ఆ దేశంలో మూడు నెలలు ఉండొచ్చినాడు మేడమ్. ఆడి రాజు కూతురి పెళ్లిచీర ఈయనదే."

"హనుమేష్ గారూ, నేనూ ఈ పక్కదాన్నే. ఆ దేశంలో రాజు లేడు, చీరా లేదు. మీ మామ ఇల్లు చూపించండి చాలు."

ఆ సాయంత్రం మామ ఇంటి అరుగు మీద కూర్చుని, ఫోనులో ఫొటోలు చూపిస్తూ ఆమె అంతా చెప్పింది. ఆ దేశంలో మనిషి ఎత్తు కుండలను మెడ వరకూ భూమిలో పాతి, ద్రాక్షరసం పోసి, మూత పెట్టి మట్టితో మెత్తుతారట. నెలల తర్వాత వైన్ అయ్యాక తీసి, పెద్ద బల్ల చుట్టూ కూర్చుని తాగుతారట. ఊరికే తాగరట. ఒకరు లేచి, ఉన్నవాళ్ల గురించీ పోయినవాళ్ల గురించీ నాలుగు మంచి మాటలు చెప్పాకే గిన్నె ఎత్తుతారట.

"వైన్ అంటే బస్టాండు కాడ అమ్మేదేనామ్మా?" అడిగాడు మామ.

"ఆ బోర్డు మీద వైన్స్ అని ఉంటాది గానీ మామా, లోపల ఆ సరుకు సూసినోడు జిల్లాలో పుట్టల్యా," అన్నాను నేను.

మామ నా మాట వినలేదు. కుండ ఫొటోనే చూస్తున్నాడు. "భూమిలో కుండ... మా గుంత మగ్గం మాదిరే ఉండాది. మేమూ నడుమువరకు భూమిలోనే కదా బతికింది," అన్నాడు. ఆ మాట సుప్రజకు నచ్చింది. బొమ్మ కింద పేరు వేస్తామని కూడా చెప్పింది. ఆ మాట మామకు నచ్చింది.

పది రోజులు ఆయన ఇంట్లోంచి కదల్లేదు. పెన్సిలు చెక్కితే రాలిన పొట్టుతో మా అత్త పొయ్యి రాజేసిందంటే నమ్మండి. బొమ్మ అయ్యాక నేనే స్కాన్ చేసి పంపాను. పంపేటప్పుడు తేడా కనిపించలేదా అంటే, ఎమ్మిగనూరులో పుట్టినవాడికి అందులో తేడా ఏముంటుంది?

గంటకే సుప్రజ ఫోను. "బొమ్మ అద్భుతంగా ఉంది. కానీ సగమే వచ్చింది."

నిజమే. ఎడమవైపు ద్రాక్షతీగ, అర కుండ, అర బల్ల, కుడిచేత గిన్నె ఎత్తిన ఒక మనిషి. కుడివైపు కాగితమంతా తెల్లగా ఉంది.

"సగమే కదమ్మా గీసేది!" మామ ఆశ్చర్యపోయాడు. "రెండో సగం మగ్గం తిప్పి నేసుకుంటాది. మేం నెమలికి ఒక పక్కే గీస్తాం."

అటు నుంచి నవ్వు. "మా కంప్యూటరూ తిప్పుతుంది లెండి. ఇప్పుడే పంపుతా."

పంపింది. అద్దంలో చూసినట్టు కుండ నిండింది, బల్ల నిండింది, అటొక మనిషి ఇటొక మనిషి ఎదురెదురుగా గిన్నెలెత్తారు. అడుగున మూలలో 'చిత్రం: రంగస్వామి' అని ఉంది. నేను ఎగిరి గంతేశాను. నా గంతుకు పక్క టీ అంగడిలో గ్లాసులు కదిలాయి. మామ మాత్రం అద్దాలు సర్దుకుని తెర దగ్గరికి వంగాడు.

"ఏమాయ మామా? పేరు పడింది సూడు."

"పేరు సర్లే. ఆ రెండోవాని చెయ్యి సూడు. ఎడమ చెయ్యి."

తిప్పిన బొమ్మ కదా, కుడి ఎడమైంది. నెమలికి ఏ పక్క రెక్క అయినా ఒకటే. మనిషికి కాదు కదా.

"పోయినోళ్ల పేరు సెప్పి తాగేకాడ ఎడమ సేత్తో ఎత్తుతారా ఎవరన్నా? నా పేరేసి, నా బొమ్మతోనే ఆ ఇంటోళ్లకు అవమానం సేపిస్తావా?" మామ ఫోను తీసుకుని అదే సుప్రజకు చెప్పాడు. ఆమె పాపం, పేచీ పెట్టలేదు. "రేపు సాయంత్రం ప్రెస్సుకు పోతుంది సార్. అప్పటికి రెండో సగం మీరే గీసిస్తే అదే వేస్తాం. అందకపోతే ఇక ఇదే," అంది.

మరునాడు పొద్దున నేను వెళ్లేసరికి మామ పెన్సిలు పట్టుకుని తెల్లకాగితం ముందు కూర్చున్నాడు. ఒక్క గీత లేదు.

"రాల్యాదు హనుమేశా. ఎప్పుడూ గీయల్యా కదా రెండో సగం. అది బసవన్నది."

బసవన్న మామ బొమ్మలను నేసినవాడు. మగ్గం గిట్టుబాటు కాక, గుంత పూడ్చేసి, బేతంచెర్ల రాళ్ల పాలిష్ పనికి పోయి ఏళ్లయింది. "అయితే పోదాం పా," అని బండి తీశాను. కోడుమూరు మీదుగా పోయాం. వెల్దుర్తి దాటాక ఒక రైలు మాతో పోటీకి వచ్చింది. పాపం, దానికి స్టేషన్లు అడ్డమొచ్చాయి.

పాలిష్ షెడ్డులో బసవన్న మోచేతుల దాకా తెల్లటి రాతిబురదలో ఉన్నాడు. మమ్మల్ని చూసి మిషను ఆపాడు.

"ఏమప్పా డిజైను మాస్టరూ, దోవ తప్పినావా?"

"నిన్ను కూర్చోబెట్టి గీయల్లని వచ్చినా."

"నన్నా? చీర మీదకా? నా మొగమున్న చీర యా ఆడమనిసి కడతాదప్పా!"

నవ్వులు అయ్యాక మామ సంగతి చెప్పాడు. బసవన్న బండల దొంతి మీద కూర్చున్నాడు, మామ ఎదురుగా కాగితం పరిచి గీయబోయాడు. టీ తెప్పించారు. గ్లాసు కుడిచేతికి తీసుకుని, తాగబోయే ముందు, అలవాటుగా రెండు చుక్కలు నేల మీదికి వంచాడు. మామ పెన్సిలు అక్కడే ఆగింది.

"ఇంకా మర్సిపోలేదా?"

"యాడ మర్స్తామప్పా! నేత అయ్యి మగ్గం మీంచి చీర కోసిన దినం వంకలో ఈతవనానికి పోతాంటిమి కదా. కల్లుకుండ దించంగానే ముందు పోయినోళ్లకు. మీ నాయనకు రెండు సుక్కలు, మా నాయనకు రెండు సుక్కలు. నువ్వు మాత్రం మీ నాయనకు ఎక్కువ పోస్తాంటివి."

"ఆయన ఎక్కువే తాగుతాండె మరి."

ఇద్దరూ నవ్వారు. ఆ వనం ఎట్లుండేది, చెట్టు కింద ఆకుడొప్పలు ఎట్లుండేవి, వానాకాలం గుంత మగ్గాల్లోకి నీళ్లొస్తే అందరూ ఎవరింటి అరుగు మీద చేరేవాళ్లు... మాట మీద మాట పోతూనే ఉంది, మామ చెయ్యి గీస్తూనే ఉంది. రెండో మనిషి గిన్నె ఎత్తలేదు. కుడిచేత వంచి, చుక్కలు నేలకు వదులుతున్నాడు. ఆ చుక్కలు భూమిలో కుండ పక్కగా దిగుతున్నాయి.

అయిపోయాక బసవన్న కాగితం మీదికి వంగాడు. "కింద ఎవని పేరు ఏస్తారప్పా?"

మామ కాస్త తడబడ్డాడు. "నాదే."

"ఏసుకో ఏసుకో. ఎప్పుడూ నువ్వు సగం గీసి లేసిపోయేటోనివే. మిగిలిన సగానికి మగ్గం తొక్కి తొక్కి నా కాళ్లు పోయినాయని ఎవరికి తెల్సు!" నవ్వుతూనే అన్నాడు. మిషను మళ్లీ మొదలైంది.

తిరుగుదారిలో మామ నేను చెప్పిన పులి కథకు కూడా ఊ కొట్టలేదు. కోడుమూరులో బండి ఆపమన్నాడు. బొమ్మ ఫొటో తీసి పంపించి, సుప్రజకు ఫోను చేయించాడు.

"అమ్మా, కింద రెండు పేర్లు ఏయల్ల. రంగస్వామి, బసవన్న."

"ఆ మూలలో ఒక్క పేరుకే చోటుంది సార్. ఆయన కూడా ఆర్టిస్టా?"

"నేతగాడు. నా బొమ్మల్లో రెండో పక్క అంతా ఆయనదేనమ్మా."

"అక్షరాలు చిన్నవైపోతాయి మరి. మీ పేరు సరిగ్గా కనిపించదు."

మామ రోడ్డు మీద పోయే లారీలను కాసేపు చూశాడు. "కానీలే. ఇద్దరివీ ఒకే కొలత ఉండల్ల, అంతే."

సంచిక వచ్చిన రోజు నేనే పోయి కర్నూలు నుంచి కట్ట తెచ్చాను. కర్నూలులో ఆ పత్రిక కోసం జనం తొక్కిసలాడారు. సరే, ఇద్దరు అడిగారు. మామ పత్రికను ఒళ్లో పెట్టుకుని, అద్దాలు తుడుచుకుని, ఆ చీమతలకాయ అక్షరాలను వేలితో తడిమాడు. ముందు తన పేరు, తర్వాత రెండోది. పేజీ తిప్పనే లేదు.

ఒక కాపీ బేతంచెర్ల బస్సులో పంపాము. సాయంత్రానికల్లా బసవన్న ఫోను నాకే వచ్చింది. వెనక షెడ్డులో వాళ్లందరి కేకలు.

"ఏమప్పా హనుమేశా, మీ మామ నా మీసం పొట్టిగా గీసినాడు! ఈడ అందరూ నగుతాండారు. అడుగు వాన్ని!"

అడిగాను. మామ పత్రిక మీంచి కళ్లు ఎత్తకుండానే అన్నాడు.

"గళ్లు సాలలేదని చెప్పు. మీసం ఇంగా పక్కకు పోతే వాని పేరుకు సోటు ఉండదు."