ఎంగిలి పుల్లలు

కెనడాలోని మిల్టన్‌లో ఉండే ఝాన్సీలక్ష్మి పట్టుదలకు పెట్టింది పేరు. డేకేర్‌లో అల్లరి పిల్లల్ని కంటిచూపుతో కూర్చోబెట్టే ఆ మనిషి, పక్కింటి లిన్ గారు చైనా కొత్త సంవత్సరానికి భోజనానికి పిలిచారని, పదిహేను రోజులు చాప్‌స్టిక్స్ పుల్లలతో శనగలు ఏరింది. ఏరదూ మరి! కిందటి చలికాలం మంచు మీద జారి తన కాలు విరిగితే, నెల్లాళ్లు సూప్ మోసుకొచ్చి తాగించిన డెబ్బై ఏళ్ల పెద్దావిడ లిన్ గారు. ఆవిడ ముందు పరువు పోకూడదు.

పోలేదు కూడా, సగం భోజనం దాకా. పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చకూడదని, అది పోయినవాళ్లకు పెట్టే పద్ధతని కూతురు తేజశ్రీ చెప్పిన మాట గుర్తుంచుకుంది. అంతలో లిన్ గారు తాను తింటున్న పుల్లలతోనే చేప పొట్ట ముక్క తుంచి, ముల్లు ఏరి, ఝాన్సీ గిన్నెలో పెట్టబోయారు.

"అయ్యో, ఎంగిలి!"

ఆ మాట లిన్ గారికి అర్థం కాకపోవచ్చు. గిన్నెను చటుక్కున వెనక్కి లాగిన చెయ్యి మాత్రం అర్థమైంది. ముక్క బల్ల మీద పడింది. "సారీ, సారీ" అంటూ ఆవిడే తుడిచారు.

"అమ్మా, దట్ వాజ్ ద బెస్ట్ పీస్," అంది తేజశ్రీ ఇంటికొచ్చాక. "హర్ ఓన్ చాప్‌స్టిక్స్‌తో పెట్టిందంటే, యూ ఆర్ ఫ్యామిలీ."

ఝాన్సీకి ప్రాణం చివుక్కుమంది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. కాలు జారినప్పుడు ఆదుకున్న మనిషి దగ్గరే తన నోరూ చెయ్యీ కూడా జారాయి. కూతురు వదిలేసిన పెరుగన్నం రోజూ తనే తింటుందే, మరి అది ఎంగిలి కాదా? ఛీ, ఏం మనిషిని నేను అనుకుంది. సిగ్గుతో రెండు వారాలు ఆ గుమ్మం వైపు చూడలేకపోయింది. చివరికి పులిహోర కలిపి పట్టుకెళ్లింది.

లిన్ గారు చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, చేప తెచ్చి పెట్టారు. బల్ల మీద ఒక జత పుల్లలు విడిగా ఉన్నాయి, సరికొత్తవి.

"ఫర్ యూ," అన్నారు సంబరంగా. "నో మౌత్."

"వద్దు ఆంటీ, ప్లీజ్... యువర్స్!" ఝాన్సీ రెండు చేతులతో గిన్నె ముందుకు చాచింది.

"నో, నో. ఐ రిమెంబర్." ఆవిడ నవ్వుతూ తల అడ్డంగా ఊపి, తన పుల్లలు పక్కన పెట్టి, ఆ కొత్తవాటితో పొట్ట ముక్క వేశారు.

ముల్లు ఒక్కటీ లేదు. అయినా ఝాన్సీకి ఆ ముక్క గొంతు దిగలేదు.